నాన్నగారు మధ్యలో ఒకసారి తాగారు. కాలేయ మార్పిడి బృందానికి చెప్పాలా?

ఏడు నెలలుగా మానేసిన మీ నాన్నగారు ఇరవై రోజుల కిందట ఒక విందులో రెండు పెగ్గులు తాగారని, రక్త పరీక్షను రెండు వారాలు వాయిదా వేయించుకుంటే బయటపడకుండా ఉంటుందా అని మీరు అడిగారు. వాయిదా వేయించకండి. పరీక్ష కంటే ముందే చెప్పేయండి. నాలుగేళ్ల కిందట మా ఆయన కాలేయ మార్పిడి విషయంలో నేను దీనికి సరిగ్గా వ్యతిరేకంగా చేశాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మా ఆయన మద్యం నిజంగానే మానేశారు. సిగరెట్టు మాత్రం రోజుకు రెండు, మేడ మీదికి వెళ్లి కాల్చేవారు. మార్పిడి బృందంలోని మానసిక వైద్యురాలు అడిగితే రెండూ మానేశానన్నారు. తర్వాత నన్ను ఒంటరిగా పిలిచి అదే అడిగారు. ‘మానేశారండీ’ అన్నాను. అంతదూరం వచ్చాక సిగరెట్టు దగ్గర మార్పిడి ఆగిపోతుందేమోనని భయం. వారం తిరిగేసరికి మూత్రంలో కొటినిన్ కనిపించింది. పొగాకులోని నికోటిన్ శరీరంలో మారి అయ్యే పదార్థం అది. పొగతాగేవారిలో కొత్త కాలేయానికి రక్తం తీసుకెళ్లే ధమని గడ్డకట్టి మూసుకుపోయే ప్రమాదం ఎక్కువట, అందుకే దాన్నీ చూస్తారు. డాక్టరుగారు కోప్పడలేదు. ‘ఇద్దరూ ఒకే మాట చెప్పారు’ అని మాత్రం అన్నారు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఆ అబద్ధం ఫలితం నెల తర్వాత తెలిసింది. మూత్రంలో ఇథైల్ గ్లూక్యురోనైడ్ పరీక్ష పాజిటివ్ వచ్చింది. తాగిన రెండు మూడు రోజుల వరకు మద్యం జాడ పట్టుకునే పరీక్ష ఇది, మూత్రపిండాలు బలహీనంగా ఉంటే ఇంకా ఎక్కువ రోజులు కనిపిస్తుంది. నిజానికి ఆయన చుక్క కూడా ముట్టలేదు. రోజుకు నాలుగుసార్లు నోరు పుక్కిలించే మందులో ఆల్కహాల్ ఉంది, అంతే! కానీ మా మాట ఎవరు నమ్ముతారు? అంతకుముందే అబద్ధం ఆడి ఉన్నాం కదా.

చివరికి కాపాడింది మీరు భయపడుతున్న ఆ రక్త పరీక్షే. ఫాస్ఫాటిడైల్ ఇథనాల్, పొట్టిగా ‘పెత్’ అంటారు. ఒంట్లో మద్యం ఉన్నప్పుడే ఎర్ర రక్తకణాల పొరల్లో తయారవుతుంది, రెండు నుంచి నాలుగు వారాల వరకు నిలుస్తుంది, బాగా తాగేవారిలో ఇంకా ఎక్కువ. మిల్లీలీటరుకు 20 నానోగ్రాములకు లోపుంటే తాగలేదనో, చాలా తక్కువనో అనుకుంటారు. 200 దాటితే గట్టిగా తాగుతున్నట్టే. మా ఆయన పరీక్షలో ఏమీ కనిపించలేదు. ఈ గొడవలో మాత్రం ఆరు వారాలు పోయాయి. పొట్టలో నీరు చేరి, రాత్రంతా కూర్చునే నిద్రపోతున్న మనిషికి ఆరు వారాలంటే మీకు నేను చెప్పనక్కర లేదు.

మీ నాన్నగారి రెండు పెగ్గులు ఇన్ని రోజుల తర్వాత పెత్‌లో కనిపించకపోనూవచ్చు. అయినా చెప్పమనే అంటాను. వాళ్లు వెంట్రుకలనూ పరీక్షించగలరు, మొదలు దగ్గరి మూడు సెంటీమీటర్లు దాదాపు మూడు నెలల కథ చెబుతాయి. నీళ్లు బాగా తాగించి పంపే చిట్కా అసలే వద్దు. మూత్రంలో మామూలుగా ఉండే క్రియాటినిన్ అనే వ్యర్థ పదార్థం తక్కువగా ఉంటే అది పలచబడిందని వెంటనే పట్టేస్తారు. అన్నిటికీ మించి, ఆపరేషన్ తర్వాత ఏళ్ల తరబడి ఆయనను చూడబోయేది ఈ బృందమే.

చెబితే ఏమీ కాదని మాత్రం అనను. కొన్ని కేంద్రాలు మద్యం మానేసి ఉండాల్సిన గడువును మళ్లీ మొదటి నుంచి లెక్కపెడతాయి, కొన్ని కౌన్సెలింగ్‌కు పంపి పరీక్షలు తరచుగా చేస్తాయి. మార్పిడికి ముందు ఆరు నెలలు మానేసి ఉండాలనే నియమం అన్నిచోట్లా రాతిలో చెక్కిందేమీ కాదు. తీవ్రమైన ఆల్కహాలిక్ హెపటైటిస్ (మద్యం వల్ల కాలేయానికి వచ్చే వాపు) ఉన్న కొందరిని జాగ్రత్తగా ఎంచి, అన్ని నెలలు ఆగకుండానే మార్పిడి చేసిన ఫ్రాన్స్, బెల్జియం వైద్యులు 2011లో మంచి ఫలితాలు ప్రకటించారు. ఒక్కసారి జారినంత మాత్రాన తలుపు మూసేస్తారనుకోకండి.

నిద్రమాత్రలు, నొప్పి మాత్రలు, కొడీన్ ఉన్న దగ్గు మందు, ఏవి వాడుతున్నా చీటీలతో సహా ముందే చూపించండి. అవి మాదకద్రవ్యాల పరీక్షలో పాజిటివ్ చూపించవచ్చు. మీ ఇంట్లో ఎవరైనా దాత అయితే వాళ్లకూ ఇవే పరీక్షలు. కాలేయంలో భాగం ఇచ్చింది నేనే కాబట్టి, పుట్టి బుద్ధెరిగాక మద్యం వాసన కూడా చూడని నేను మూత్రం సీసా పట్టుకుని వరుసలో నిలబడ్డాను. ఆ రోజు మా ఆయన నవ్వారు, చాలా రోజుల తర్వాత.

వీలైతే నాన్నగారే స్వయంగా చెప్పేలా చూడండి. ఆయన ఒప్పుకోకపోతే, ‘నేను చెబుతున్నాను నాన్నా’ అని ఆయన ముఖం మీదే చెప్పి, ఆ తర్వాత డాక్టరు గదిలోకి వెళ్లండి. ఆయనకు తెలియకుండా మాత్రం చెప్పకండి.