మెకానికల్ నుంచి ఫైనాన్స్‌కి: నాకు దారి చూపింది ఫీడు బిల్లు

బీటెక్ మెకానికల్ అయింది, రెండేళ్ళ ఉద్యోగం అయింది, ఫైనాన్స్‌లోకి మారాలంటే ఎంబీఏనా, సీఎఫ్‌ఏ (పెట్టుబడుల విశ్లేషణ నేర్పే పరీక్ష) రాయాలా, బయటి దేశంలో ఫైనాన్షియల్ ఇంజనీరింగ్ ఎమ్మెస్సా అని మీలో ఒకరు అడిగారు. నేనూ మెకానికలే. మాది భీమవరం పక్కన కాళ్ళ మండలం. అక్కడ ఫైనాన్స్ అంటే డైలీ వసూళ్ళు. ఎంబీఏ ఫైనాన్స్‌లో చేరుతున్నానంటే మా పెద్దత్త "బండేసుకుని వసూళ్ళకి తిరుగుతావా నాన్నా?" అని నిజంగానే బెంగపడింది.

నన్ను ఇటు తిప్పింది ఒక ఫీడు బిల్లు. చెన్నైలో పంపుల కంపెనీలో చేస్తున్నప్పుడు సంక్రాంతికి ఇంటికొచ్చి, నాన్నతో రొయ్యల మేత డీలరు కొట్టుకెళ్ళాను. పాతిక కేజీల బస్తా రొక్కానికైతే 2,000. రొయ్యల పట్టుబడి అయ్యాక కడితే 2,240. "వడ్డీ ఏం లేదు బాబూ, అది అరువు రేటంతే" అన్నాడాయన. బిల్లు వెనక్కి తిప్పి లెక్కేశాను. రెండు వేలకి 240 అంటే 12 శాతం. బస్తాలు వారం వారం తెస్తాం, డబ్బు ఒకేసారి కడతాం, సగటున రెండు నెలల అప్పు. అంటే ఆరు రూపాయల వడ్డీ, ఏడాదికి 72 శాతం! రెండు రూపాయల వడ్డీకి ప్రోనోటు రాస్తేనే నిద్రపట్టని మనిషి మా నాన్న.

దారిలో నాన్నకి చెప్పాను. ఆయన బండి ఆపకుండానే "నాకు తెలీదనుకున్నావేంట్రా? లీజు చెరువుకి ఏ బ్యాంకు ఇస్తుంది? వైట్‌స్పాట్ తెగులు వచ్చి రొయ్య తేలిపోతే నా దగ్గర డీలరేం పట్టుకెళ్తాడు?" అన్నారు. తర్వాత ఎంబీఏలో క్రెడిట్ రిస్క్ (ఇచ్చిన అప్పు తిరిగి రాకపోయే ప్రమాదం) పేపరంతా ఈ మాటే, స్లైడ్లేసి చెప్పారు.

ఇక మీ సంగతి. ఆ 72 ఎందుకొచ్చిందా అని మనసు పీకితే ఎంబీఏ, సీఎఫ్‌ఏ మీకు పడతాయి. ఫైనాన్షియల్ ఇంజనీరింగ్ పేరుకే ఫైనాన్స్, లోపలంతా ప్రాబబిలిటీ, కోడింగు. బీటెక్‌లో ఎం-3 (మూడో లెక్కల పేపరు) తప్పి సప్లీ రాసినవాళ్ళు అటు చూడకండి. విదేశీ చదువులకి పంపే కన్సల్టెన్సీల వాళ్ళు ఈ ముక్క చెప్పరు, వాళ్ళకి కావలసింది మన లోన్ శాంక్షన్ లెటరు. పొలం తాకట్టు పెట్టి వెళ్ళి, తిరిగొచ్చి సాఫ్ట్‌వేర్‌లోనే చేరినవాళ్ళు నాకు తెలిసే ముగ్గురున్నారు.

నా మాట వింటే ముందు సీఎఫ్‌ఏ లెవెల్ వన్ రాయండి. అది డిగ్రీ కాదు, మూడు లెవెల్స్ పరీక్ష. ఉద్యోగం మానక్కర్లేదు. మొదటి లెవెల్లో 180 ప్రశ్నలు, అన్నీ ఆబ్జెక్టివే. కానీ బ్యాలెన్స్ షీట్ చదవడం రాకపోతే మునుగుతారు. అకౌంట్స్ గుమాస్తా పని అనుకుని నేను మొదటిసారి మునిగాను. ఆ చదువు విసుగు పుట్టించకపోతే అప్పుడు క్యాట్ సంగతి చూడండి. మంచి కాలేజీ రాలేదని ఐసెట్ కౌన్సెలింగ్‌లో ఏదో ఒక ఎంబీఏ మాత్రం పట్టుకోకండి. ఈ మాటకి తిట్టేవాళ్ళు తిట్టుకోనీ.

నాన్న ఇప్పటికీ ఫీడు అరువుకే తెస్తున్నారు. మొన్న నేను రొక్కం పంపుతానంటే వద్దన్నారు. "చెరువు పోతే నీ డబ్బు పోతుందిరా. డీలరైతే వచ్చే పంట దాకా ఆగుతాడు" అన్నారు.