పైలట్ వాచీ కొనబోతున్న మేనల్లుడికి

చిరంజీవికి ఆశీస్సులు,

స్విస్ కంపెనీ ఐడబ్ల్యూసీ చేసిన పైలట్ వాచీ మార్క్ 18 సెకండ్‌హ్యాండ్‌లో చూస్తున్నానని, కొన్నాక బీరువాలో దాచకుండా రోజూ ఆఫీసుకి పెట్టుకుంటానని రాశావు. ఆ రెండో మాటను బట్టే బేరం మారిపోతుందిరా. దాచుకునేవాడికి పెట్టె, కాగితాలు, గీత పడని ఒళ్లు కావాలి. రోజూ పెట్టుకునేవాడికి లోపలి యంత్రం బాగుండాలి, కేసులోకి తడి దిగకూడదు. చాలామంది పెట్టెకి డబ్బు పోసి యంత్రం సంగతి అడగడం మర్చిపోతారు.

ముందు నీ మణికట్టు కొలుచుకో. చుట్టుకొలత కాదు, పైన చదునుగా ఉండే భాగం వెడల్పు. మార్క్ 18 కేసు 40 మిల్లీమీటర్లే అయినా పట్టీ తగిలించే కొమ్ముల చివర నుంచి చివరికి దాదాపు 51 ఉంటుంది. దానికి తోడు అంచు సన్నం, డయల్ వెడల్పు, కాబట్టి కంటికి ఇంకా పెద్దగా కనిపిస్తుంది. నీ చేతి చదును అంతకన్నా తక్కువైతే కొమ్ములు రెండు పక్కలా బయటికి పొడుచుకొచ్చి చొక్కా కఫ్‌కి తగులుకుంటాయి. అప్పుడు 1999లో వచ్చిన 38 మిల్లీమీటర్ల మార్క్ 15 చూడు. మార్క్ 17 అయితే 41, అది నీకు వద్దు.

మార్క్ 18లో మొదట వచ్చినవాటికి 30110 యంత్రం, తర్వాతవాటికి 35111. మొదటిది ఈటీఏ కంపెనీ 2892 యంత్రం మీద కట్టింది, రెండోది సెలిటా కంపెనీ ఎస్‌డబ్ల్యూ 300 మీద. గంటకి 28,800 సార్లు కొట్టుకోవడం, పూర్తిగా కీ ఇస్తే 42 గంటలు నడవడం రెండింటికీ ఒకటే. కాబట్టి ‘పాత యంత్రం’ అని చెప్పి ఎక్కువ అడిగేవాడి మాట వినకు. 42 గంటలంటే శుక్రవారం రాత్రి ఎనిమిదికి తీసి పెడితే ఆదివారం మధ్యాహ్నం రెండుకి ఆగిపోతుంది. ఇది నచ్చకపోతే 2022లో వచ్చిన మార్క్ 20 ఉంది. అది 120 గంటలు నడుస్తుంది, నీటి ఒత్తిడి కూడా 6 బార్ బదులు 10 బార్ తట్టుకుంటుంది. ధర మాత్రం ఆ మేరకు పైకి పోతుంది.

చూడ్డానికి వెళ్లేటప్పుడు పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం జేబులో వేసుకో. సన్నటి గీతల గరుకు మెరుగు ఉన్న పక్క భాగానికీ మెరిసే అంచుకీ మధ్య గీత కత్తితో కోసినట్టు ఉండాలి. ఆ గీత కరిగి, కొమ్ముల మూలలు సబ్బుబిళ్లలా గుండ్రపడితే దాన్ని ఎవరో గట్టిగా పాలిష్ పట్టించారని అర్థం. పోయిన లోహం తిరిగి రాదు. చిన్న గీతలున్న వాచీయే మేలు, ఎలాగూ నెలలో నువ్వూ నాలుగు గీతలు పెడతావు. అద్దం మీద సన్నటి గీతలు కనిపిస్తే కంగారు పడకు. నీలమణి స్ఫటికం అంత తేలిగ్గా గీసుకోదు, దానిపైన వెలుతురు మెరవకుండా వేసే పూత గీసుకుంటుంది. గోరుతో రాస్తే తగలకపోతే అది పూతే. కానీ అద్దం అంచున పెచ్చు లేచి ఉంటే వదిలెయ్.

ఇక క్రౌన్, అంటే కీ ఇవ్వడానికి పక్కన ఉండే బుడిపె. మర తిప్పి తెరిచేటప్పుడు నున్నగా రావాలి, మూసేటప్పుడు మొదటి చుట్టుకే పట్టుకోవాలి. జారితే మర అరిగినట్టు. అప్పుడు క్రౌనూ, అది బిగిసే గొట్టమూ రెండూ మార్చాలి. తెరిచాక మెల్లగా కీ ఇస్తూ చెవి దగ్గర పెట్టుకో. లోపలి రోటర్ (చేతి కదలికకి తిరిగి కీ ఎక్కించే బరువు) కూడా గిర్రున తిరుగుతున్న చప్పుడు వస్తే, ఆ తిరుగుడుని ఒకే దిక్కుకి మళ్లించే రివర్సర్ చక్రాల్లో నూనె ఎండిందన్నమాట. ఈ లోపాన్ని అమ్మేవాళ్లు ‘ఆటోమేటిక్ కదా, అంతే’ అని తేల్చేస్తారు. అంతే కాదు. కూర్చుని పనిచేసే నీలాంటివాడి చేతి మీద ఆ వాచీకి సరిగ్గా కీ ఎక్కదు, తెల్లారేసరికి ఆగి ఉంటుంది.

వాచీ నడకని చప్పుడు విని కొలిచే మిషన్, టైమ్‌గ్రాఫర్ మీద పెట్టించకుండా డబ్బు తియ్యకు. ముందు ముప్పై చుట్లు కీ ఇప్పించు. మిషన్‌లో లిఫ్ట్ యాంగిల్ (యంత్రాన్ని బట్టి మారే కోణం) 30110కి 51, 35111కి 50 డిగ్రీలు పెట్టాలి, లేకపోతే వచ్చే అంకె తప్పు. డయల్ పైకి ఉంచినప్పుడు యాంప్లిట్యూడ్, అంటే లోపలి బ్యాలెన్స్ చక్రం ఊగే కోణం, 270 డిగ్రీలు దాటాలి. నిలబెట్టినప్పుడు ముప్పై నలభై తగ్గడం మామూలే. బీట్ ఎర్రర్, అంటే టిక్కుకీ టక్కుకీ మధ్య తేడా, 0.6 మిల్లీసెకన్ల లోపుంటే చాలు. ఒక్క స్థితిలో తీసిన ఫొటో పంపి ‘రోజుకి రెండు సెకన్లే తేడా’ అంటే నమ్మకు. ఎండిన యంత్రాన్ని కూడా ఒక స్థితిలో సరిగ్గా నడిచేలా తిప్పిపెట్టొచ్చు. యాంప్లిట్యూడ్ 220 చూపిస్తే పూర్తి సర్వీసింగ్ ఖర్చు ముందే కనుక్కుని ధరలోంచి తీసేయించు.

రోజుకి నిమిషాల్లో ముందుకి పరుగెడితే మాత్రం అది చాలావరకు అయస్కాంతం పని. బ్యాలెన్స్ చక్రాన్ని ఊపే సన్నటి హెయిర్‌స్ప్రింగ్ చుట్లు ఒకదానికొకటి అంటుకుని యంత్రం తొందరపడుతుంది. డీమాగ్నెటైజర్‌తో క్షణాల్లో పోతుంది, బేరానికి మాత్రం వాడుకో. మార్క్ 18లో యంత్రం చుట్టూ మెత్తటి ఇనుప కవచం ఉంటుంది, కాక్‌పిట్ పరికరాల అయస్కాంతాన్ని తట్టుకోవడానికి మార్క్ 11 కాలం నుంచీ వస్తున్న ఏర్పాటు అది. అంతమాత్రాన రాత్రిళ్లు ల్యాప్‌టాప్ మీదో స్పీకర్ మీదో పెట్టి పడుకోకు.

6 బార్ అన్నది కొత్తలో మాట. రబ్బరు రింగులు వయసుతో గట్టిపడతాయి. గాలి ఒత్తిడి పరీక్ష చేయించేదాకా నీళ్ల దగ్గరికి తీసుకెళ్లకు, ఆ తర్వాత కూడా వేణ్నీళ్ల స్నానానికి వద్దు. పరీక్ష ఏడాదికొకసారి చేయించుకో.

మన హైదరాబాద్ ఎండకి తోలు పట్టీ నాలుగు నెలల్లో వాసన కొడుతుంది. కంపెనీ పట్టీ విప్పి దాచేసి 20 మిల్లీమీటర్ల నైలాన్‌దో రబ్బరుదో వేసుకో. స్టీలు చైన్ కావాలనుకుంటే చైన్‌తో ఉన్న వాచీయే కొను, విడిగా కొంటే ఖరీదు బాగా పడుతుంది. కడీలన్నీ ఉన్నాయో లేదో లెక్కపెట్టు. వెనకవైపు చిన్న బొత్తాం నొక్కితే కడీ ఊడుతుంది, చెమట మురికి పట్టి ఆ బొత్తాలు బిగుసుకుపోతాయి, అక్కడే ఊడదీసి చూపించమను.

వారంటీ కార్డు మీది సీరియల్ నంబరు, వెనక మూత మీది నంబరు ఒకటేనా చూసుకో. నల్ల డయల్, తోలు పట్టీతో మొదట వచ్చినదాని మోడల్ నంబరు ఐడబ్ల్యూ 327001. పెట్టె మీద నమ్మకం పెట్టుకోకు, అధీకృత సర్వీస్ సెంటర్‌లో పరీక్ష చేయించడానికి అమ్మేవాడు ఒప్పుకుంటాడా అన్నదే అసలు పరీక్ష. 2019లో కంపెనీ వారంటీని 2 నుంచి 8 ఏళ్లకి పెంచింది, అయితే మొదటి వారంటీ నడుస్తుండగా నమోదు చేసిన వాచీలకే. అది అడుగు. డబ్బు బ్యాంకు ద్వారానే పంపు. 2 లక్షలు, ఆపైన నగదుగా తీసుకోవడం చట్టం ఒప్పుకోదు. విదేశం నుంచి వచ్చిందంటే కస్టమ్స్ రసీదు చూపించమను. నీ బిల్లులో వాచీ నంబరు ఉండాలి.

చేతికి వచ్చాక రాత్రి ఎనిమిది నుంచి తెల్లవారుజామున మూడు మధ్య తేదీ మార్చకు, తేదీ చక్రాల పళ్లు విరుగుతాయి. ముళ్లు ఆరు దగ్గరికి తెచ్చాక మార్చు. మొదటి రెండు వారాలు రోజూ ఉదయం ఫోన్‌తో పోల్చి తేడా రాసుకో. రోజుకి పది సెకన్ల లోపుంటే ఎవరెన్ని చెప్పినా వెనక మూత తెరిపించకు.

మీ మామయ్య