మాస్టర్ ప్లాన్‌లో గీత పడితే పొలం పోయినట్టేనా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ దగ్గరి ఊరు. సాగర్ ఎడమ కాల్వ కింద ఎకరం పది గుంటల పొలం ఉంది. ఊరు మున్సిపాలిటీలో కలిసింది. కొత్త మాస్టర్ ప్లాన్ ముసాయిదాలో మా పొలం మధ్యలోంచి వంద అడుగుల రోడ్డు చూపించారని అంటున్నరు. బిడ్డ పెండ్లికి కొంత అమ్ముదామనుకున్నాం. నాలా (వ్యవసాయేతర భూమిగా మార్పు) కూడా చేయించాను. ఇక భూమి పోయినట్టేనా?

జవాబు: పోలేదు. ముందు టెన్షన్ తగ్గించుకోండి. మ్యాపులో గీత పడగానే పట్టా ప్రభుత్వం పేరుకు మారదు. రోడ్డు నిజంగా వేసే రోజు మీరు ఒప్పుకోకపోతే 2013 భూసేకరణ చట్టం కింద నోటీసు ఇవ్వాలి, మార్కెట్ విలువ లెక్కగట్టి దానికి సమానంగా సొలేషియం (పరిహారం మీద అదనంగా ఇచ్చే సొమ్ము) కూడా కలిపి చెల్లించాలి. అప్పటిదాకా నాట్లు వేసుకోవచ్చు.

అయితే నాలా ఉందన్న ధీమా వద్దు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ఇక్కడే పొరపడతారు. రెవెన్యూ వాళ్లు ఇచ్చే నాలా రెవెన్యూ రికార్డులో సాగు భూమి కాదని చెబుతుంది, అంతే. ప్లాన్‌లో జోన్ (ఆ భూమిని దేనికి వాడాలన్నది) మార్పించుకోవడం వేరే పని. ప్లాన్ ఖరారైతే రోడ్డు పడిన మేర ఇంటి పర్మిషన్ రాదు.

కాబట్టి ఇప్పుడు మీ చేతిలో ఉన్నది అభ్యంతరం. ప్రకటనలో ఇచ్చిన గడువు లోపలే వేయాలి. వాట్సాప్‌లో తిరిగే మసక ఫొటో నమ్మకండి. టౌన్ ప్లానింగ్ సెక్షన్‌కు వెళ్లి అసలు మ్యాపులో మీ సర్వే నంబరు చూసుకోండి. కాపీ ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఊరంతా కలిసి ఇచ్చే అర్జీ మీద సంతకం పెట్టి ఊరుకోవద్దు, మీ పేరు మీద విడిగా ఒకటి ఇవ్వండి. 'అన్యాయం' అని రాస్తే ఎవరూ కదలరు. ఎన్ని గుంటలు పోతున్నాయి, పక్కన ఇప్పటికే బండ్లబాట ఉంటే రోడ్డును అటు ఎందుకు జరపకూడదు అన్నది రాసి, స్కెచ్, పాసుపుస్తకం జిరాక్స్ జత చేయండి. ఇన్‌వార్డ్ ముద్ర (అర్జీ అందిందని ఆఫీసు వేసేది) వేయించుకున్న కాపీ దాచుకోండి. రేపు హైకోర్టుకు పోవాల్సి వస్తే జడ్జిగారు మొదట అడిగేది అదే. 2023 జనవరిలో కామారెడ్డి రైతులు తమ ఊరి మాస్టర్ ప్లాన్ మీద గట్టిగా నిలబడితే అక్కడి మున్సిపల్ కౌన్సిలే ముసాయిదా వద్దని తీర్మానం చేసింది.

అమ్మకానికి ముసాయిదా అడ్డు కాదు. కొనేవాళ్లకు మాత్రం సంగతి దాచకుండా అగ్రిమెంట్‌లోనే రాయించండి. రోడ్డు పోతుందని భయపెట్టి సగం ధరకు అడిగే బ్రోకర్ తప్పకుండా వస్తాడు. అభ్యంతరం తేలేదాకా అతని దగ్గర అడ్వాన్స్ తీసుకోకండి.