కెన్యాలో పేద విద్యార్థి హైస్కూలు ఖర్చు భరించాలంటే డబ్బు ఎలా పంపాలి?

నెలకు నాలుగు వేల రూపాయలు పక్కన పెట్టి కెన్యాలో ఒక పేద అమ్మాయిని హైస్కూలు చదివించాలనుకుంటున్నారు. ఆ డబ్బు సరిపోతుందా, ఎవరికి పంపాలి అని అడిగారు. డబ్బు దాదాపు సరిపోతుంది. నెలనెలా పంపే పద్ధతే అక్కడ పనికిరాదు.

కెన్యాలో స్కూలు ఏడాది జనవరిలో మొదలవుతుంది, మొత్తం మూడు టర్ములు. ప్రభుత్వ ప్రైమరీ స్కూళ్లలో 2003 నుంచి ఫీజు లేదు. డే సెకండరీలో 2008 నుంచి బోధన ఖర్చు ప్రభుత్వానిదే, 2018 నుంచి అది విద్యార్థికి ఏడాదికి 22,244 షిల్లింగుల లెక్కన. బోర్డింగ్ స్కూళ్లలో మాత్రం మిగతాది ఇంట్లోవాళ్లే కట్టుకోవాలి. జాతీయ స్థాయి స్కూళ్లకు ఏడాదికి 53,554, మిగతావాటిలో చాలావాటికి 40,535 షిల్లింగులు అని ప్రభుత్వం పరిమితి పెట్టింది. షిల్లింగు అంటే మన 65–70 పైసలు. ఈ ఫీజును టర్ములవారీగా 50, 30, 20 శాతాల చొప్పున కట్టించుకుంటారు.

అంటే జాతీయ స్థాయి స్కూలైతే జనవరిలోనే 26,777 షిల్లింగులు కావాలి. అప్పటికి మీరు పంపే నాలుగు వేలు ఆరు వేల షిల్లింగులకు అటూఇటూ. బాకీ ఉన్న పిల్లల పేర్లు చదివి ఇంటికి పంపేయడం అక్కడ మామూలే. ఇల్లు దూరమైతే రానూపోనూ బస్సు ఛార్జీ అదనం, పాఠాలు పోవడం మరీ నష్టం. అందుకే నెలనెలా దాచుకునేది ఇక్కడ రికరింగ్ డిపాజిట్‌లో దాచుకోండి, అక్కడికి ఏడాదికి మూడుసార్లే పంపండి: డిసెంబరులో పెద్ద మొత్తం, తర్వాత ఏప్రిల్‌లో, ఆగస్టులో. కనీసం ఒక ఏడాది ఫీజు చేతిలో పెట్టుకున్నాకే మాటివ్వండి.

డబ్బు మనిషి చేతికి పంపకండి, ఎంత నమ్మకస్తులైనా సరే. స్కూలు పేరు మీదున్న బ్యాంకు ఖాతాకే పంపాలి, వివరాల్లో అమ్మాయి అడ్మిషన్ నంబరు తప్పకుండా రాయాలి. అది లేకపోతే డబ్బు స్కూలుకు చేరినా ఆ అమ్మాయి లెక్కలో జమ కాదు. అక్కడ ఉండే స్నేహితులెవరైనా మీ తరఫున కడితే ఎం-పెసా (అక్కడ ఫోన్‌తో డబ్బు పంపే సేవ) పేబిల్‌లో కట్టవచ్చు, ఖాతా నంబరు దగ్గర ఏం రాయాలో స్కూలునే అడిగి రాయమనండి. ఫీజు వివరాల కాగితాన్ని వాట్సాప్‌లో ఎవరో పంపితే దాన్ని నమ్మి డబ్బు వేయొద్దు. ఖాతా నంబరు మార్చేసిన కాగితాలు వస్తుంటాయి. నంబరు విడిగా సంపాదించి స్కూలు అకౌంట్స్ ఆఫీసుకు ఫోన్ చేసి అంకె అంకె సరిచూసుకోండి. కట్టాక రసీదు ఒక్కటే చాలదు, ఆ అమ్మాయి ఫీజు స్టేట్‌మెంట్ అడగండి. పాత బాకీ ఉందో లేదో అందులోనే తెలుస్తుంది. బాకీ ఉంటే చదువు పూర్తయ్యాక సర్టిఫికెట్ చేతికివ్వని స్కూళ్లు చాలా ఉన్నాయి.

నియోజకవర్గ నిధి నుంచి, కౌంటీ (మన జిల్లా లాంటిది) నుంచి పేద పిల్లలకు బర్సరీలు, అంటే ఫీజు సాయం, వస్తాయి, కానీ తరచూ టర్ము మొదలైన చాలా రోజులకు. మీరు ముందే కట్టి ఉంటే ఆ సొమ్ము మిగులుతుంది. మిగులును వచ్చే టర్ముకు జమ చేయాలని, నగదుగా ఎవరికీ తిరిగివ్వకూడదని ముందుగానే స్కూలుకు రాసి పంపండి.

ఇక ఫీజు కాని ఖర్చు. చాలామంది దాతలు పొరబడేది ఇక్కడే. బోర్డింగ్‌లో చేరే రోజున పిల్ల తీసుకెళ్లాల్సిన జాబితా ఒకటి ఇస్తారు: తాళం వేసే ఇనుప ట్రంకుపెట్టె, పరుపు, దుప్పట్లు, బకెట్, ప్లేటు, మగ్గు, రెండు జతల యూనిఫాం, స్వెట్టర్, నల్ల బూట్లు, సైంటిఫిక్ కాల్క్యులేటర్, జామెట్రీ బాక్సు, సబ్బులు, శానిటరీ ప్యాడ్లు. కొన్ని స్కూళ్లు జెరాక్స్ కాగితాల రీమ్ కూడా తెమ్మంటాయి. సీటు వచ్చినా ఈ పెట్టె నింపలేక చేరని పిల్లలున్నారు. కాబట్టి మొదటి ఏడాది ఫీజు మీద కనీసం సగం అదనంగా అనుకోండి. యూనిఫాం స్కూలు చెప్పిన దుకాణంలోనే కొనమంటే ధర రెట్టింపు ఉండవచ్చు, ముందే అడగండి. డే స్కూలైతే మధ్యాహ్న భోజనం డబ్బులు, యూనిఫాం ఉంటే చాలు. మీ బడ్జెట్‌కు అదే హాయి, ఇల్లు దగ్గరైతే నేను దానికే ఓటేస్తాను.

ఎన్నేళ్లు? ప్రైమరీ చివర రాసే పాత పరీక్ష 2023తో ఆగిపోయింది. కొత్త విధానంలో మొదటి గ్రేడ్ 10 బ్యాచ్ 2026 జనవరిలో సీనియర్ స్కూల్లో చేరింది. ఇది మూడేళ్లు. పాత పద్ధతిలో హైస్కూలు చివర రాసే పరీక్ష కేసీఎస్ఈ. దాన్ని చివరి బ్యాచ్ 2027లో రాస్తుంది. అమ్మాయి ఏ పద్ధతిలో ఉందో కనుక్కుంటే ఎన్ని టర్ములు మోయాలో తేలుతుంది. మధ్యలో ఆపడం కన్నా అసలు మొదలుపెట్టకపోవడమే మేలు, ఎందుకంటే మీ మాట నమ్మి ఇంట్లోవాళ్లు బర్సరీ అర్జీలు మానేస్తారు.

బాగా చదివే అమ్మాయైతే ఈక్విటీ గ్రూప్ ఫౌండేషన్ వారి వింగ్స్ టు ఫ్లై స్కాలర్‌షిప్‌కు ముందు అర్జీ పెట్టించండి. అది మొత్తం ఖర్చు భరిస్తుంది.

నేరుగా చూసుకోలేనంటే సంస్థ ద్వారా పంపడం తప్పేం కాదు. కంపాషన్ ఇంటర్నేషనల్ అనే సంస్థ ద్వారా దాతలు స్పాన్సర్ చేసిన పిల్లలపై 2013లో వెలువడిన ఆరు దేశాల పరిశోధనలో (వాటిలో ఇండియా, కెన్యా ఉన్నాయి) ఆ పిల్లలు దాదాపు ఏడాది నుంచి ఏడాదిన్నర ఎక్కువ చదివారని తేలింది.

మన వైపు నిబంధనలు సులువే. రిజర్వు బ్యాంకు లిబరలైజ్డ్ రెమిటెన్స్ పథకం కింద ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల దాకా పంపవచ్చు, దానాలూ అందులోకే వస్తాయి. పాన్, ఎ2 ఫారం కావాలి. విదేశీ సంస్థకిచ్చిన దానానికి ఆదాయపు పన్నులో 80జీ మినహాయింపు రాదు. ఫారంలో ఛార్జీల దగ్గర "అవర్" (OUR, అంటే ఛార్జీలన్నీ పంపేవారివే) ఎంచుకోండి. లేకపోతే మధ్యవర్తి బ్యాంకులు కోసుకున్నంత స్కూలుకు తక్కువ చేరి, ఆ కొరత అమ్మాయి పేరు మీద బాకీగా నిలుస్తుంది.