ముందు చక్రాలు ఊగుతుంటే మొదట సెంటర్ పిన్ను చూడండి

“మాది ఇరవై ఏళ్లు దాటిన చిన్న ట్రాక్టరు. కాస్త వేగం అందుకుంటే స్టీరింగ్ కొట్టుకుంటోంది, ముందు చక్రాలు ఊగుతున్నాయి. మెకానిక్ ముందు యాక్సిల్ మొత్తం మార్చమంటున్నాడు. మార్చాలా?” అని ఒక రైతు అడిగారు.

మార్చకండి. ముందు యాక్సిల్‌ను నడిమధ్యలో ఫ్రేముకు కలిపే కీలు పిన్నే సెంటర్ పిన్ను. దాన్ని విప్పి చూసేదాకా ఒక్క రూపాయి కూడా తీయకండి.

మాది చిత్తూరు జిల్లా బంగారుపాళ్యం పక్క పల్లె. ఆరెకరాల మామిడి తోపు, కొంచెం మడి. బండి 25 హెచ్‌పీ, టూ వీల్ డ్రైవ్, మా నాయన 2001లో కొన్నాడు. కొమ్మల కింద దూరి దున్నాలంటే ఇలాంటి పొట్టి బండే కావాలి. అందుకే ఎవరెన్ని చెప్పినా అమ్మలేదు.

2025 సీజన్‌లో తోతాపురి కాయ ట్రాలీకి నింపుకుని గుజ్జు ఫ్యాక్టరీకి బయలుదేరాను. తారురోడ్డు ఎక్కి గేరు మార్చానో లేదో, స్టీరింగ్ చేతుల్లో దడదడమని అదిరింది. వెనక లోడు, పక్కనే లారీలు. గుండె ఆగినంత పనైంది. రెండో గేరులోనే ఈడ్చుకుంటూ పోయి, ఫ్యాక్టరీ ముందు లైన్‌లో రెండు రాత్రులు ట్రాలీ మీదే పడుకున్నాను. ఆ ఏడాది ధర గుర్తుందిగా? కిలోకు ఫ్యాక్టరీ ఇవ్వాల్సింది 8 రూపాయలు, ప్రభుత్వం కలిపేది 4 రూపాయలు. ఏడాదంతా చాకిరీ చేసి పండించిన కాయకు 12 రూపాయలు. అదీ కాయ మెత్తబడిపోకముందు లోపలికి పంపగలిగితేనే. దాని గురించి రాస్తే ఈ జవాబు ఇప్పట్లో ముగియదు.

తిరిగొచ్చాక మెకానిక్ స్టీరింగ్‌ను చక్రాలకు కలిపే టై రాడ్ ఎండ్లు రెండూ మార్చాడు. తగ్గలేదు. చక్రాల మధ్యలో ఉండే హబ్ బేరింగులు మార్చాడు. తగ్గలేదు. టైర్లన్నాడు, కొత్తవి వేయించాను. పద్నాలుగు వేలు పోయాక, “ఇంక యాక్సిలే అన్నా, 32 వేలవుతుంది” అన్నాడు. పన్నెండు రూపాయల లెక్కన అది రెండున్నర టన్నులకు పైగా కాయ. ఏది పాడైందో చూడకుండా ఒక్కొక్క సామానూ మార్చుకుంటూ పోవడాన్ని రిపేరు అనరు. ఆ ఖర్చంతా రైతు నెత్తినే పడుతుంది.

చివరికి చిత్తూరులో లేత్ పని చేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకుపోయాను. ఆయన చక్రాల వైపు కూడా చూడలేదు. వెనక చక్రాలకు రాళ్లు పెట్టించి, ముందు ఫ్రేము కింద జాకీ వేసి లేపించి, ఫ్రేముకు మొద్దులు ఆనించాడు. యాక్సిల్ గాల్లో వేలాడుతోంది. గడ్డపార మొన యాక్సిల్ కింద పెట్టి పైకి ఎత్తాడు. టక్‌మని శబ్దం. నా చెయ్యి పట్టుకుని ఆ కీలు మీద పెట్టి, “ఇప్పుడు చూడు నాయనా” అని మళ్లీ ఎత్తాడు. ఇనుము ఇనుమును కొట్టడం అరచేతికి తెలిసింది. ముందుకీ వెనక్కీ తోసినా అదే ఆట, అంటే వదులు.

పిన్ను బయటికి తీస్తే పైసగం నున్నగా మెరుస్తోంది, గ్రీజు కూడా ఉంది. కిందిసగం మాత్రం గోరు పెడితే మెట్టులా తగిలింది. పిన్ను చుట్టూ ఉండే గొట్టం, అదే బుష్, కోడిగుడ్డు ఆకారానికి తిరిగింది. అడుగున గ్రీజుకు బదులు ఎండిపోయిన ఎర్రమట్టి ముద్ద. వెర్నియర్‌తో కొలిస్తే రెండు మిల్లీమీటర్ల పైన సందు. అక్కడ రెండు మిల్లీమీటర్లంటే చక్రం దగ్గరికి వచ్చేసరికి సెంటీమీటరు దాటుతుంది. మరి స్టీరింగ్ కొట్టుకోదా?

నేను గ్రీజు కొట్టనివాణ్ని కాదు, వారం వారం కొట్టేవాణ్ని. కానీ బండి నేల మీద ఉన్నప్పుడు ముందు బరువంతా పిన్ను అడుగునే బుష్‌ను నొక్కి పట్టి ఉంటుంది. గ్రీజు అక్కడికి దూరదు, పైనుంచే బయటికి వచ్చేస్తుంది. అది చూసి నిండిందనుకుంటాం. ముందు భాగం జాకీ మీద లేపి, యాక్సిల్ వేలాడుతుండగా కొడితేనే అడుగుకు చేరుతుంది. ఇన్నేళ్లలో ఈ ఒక్క మాట నాకు ఏ షోరూములోనూ ఎవరూ చెప్పలేదు. అలాగే వాటర్ సర్వీసు చేయించి గ్రీజు కొట్టకుండా వదిలేస్తే, ఆ నీళ్ల ప్రెషర్‌కు మట్టి లోపలికే పోతుంది.

ఆయన గన్‌మెటల్ అనే కంచుతో కొత్త బుష్ లేత్ మీద తిప్పి, లోపల గ్రీజు గాడి తీసి, కొత్త పిన్ను వేసి, ముందూ వెనకా ఆట లేకుండా పలుచని రేకుల్లాంటి షిమ్ములు సర్దాడు. కూలీతో కలిపి 4,200 అయింది. పాత పిన్నుకే వెల్డింగ్ పెట్టి టర్నింగ్ చేస్తామని కొందరు చెబుతారు, ఒప్పుకోకండి. గట్టిపరిచిన పిన్నుకు వెల్డింగ్ వేడి తగిలితే ఆ గట్టిదనం పోతుంది, పగుళ్లూ రావచ్చు. బుష్ కూర్చునే రంధ్రమే అరిగిపోయి ఉంటే దాన్ని బోరింగ్ చేసి, అంటే గుండ్రంగా పెద్దది చేసి, లోపల గొట్టం లాంటి స్లీవ్ వేయించుకోవచ్చు. దానికీ యాక్సిల్ మార్చక్కర్లేదు. యాక్సిల్ వంగినా, పగిలినా మాత్రం వేరే సంగతి.

మీరు ఇంటి దగ్గరే చూసుకోవచ్చు. ఆ పెద్దాయన చేసినట్టే లేపండి, ఆయిల్ సంప్ కింద మాత్రం జాకీ పెట్టొద్దు. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి, ఇంకొకరు చక్రం లోపలివైపు నుంచి చూడాలి. హబ్ ఒక్కటే కదిలితే బేరింగు. దాంతోపాటు చక్రం తిరిగే చిన్న ఇరుసు, అంటే స్టబ్ యాక్సిల్ కూడా కదిలితే, అది పక్కలకు మళ్లే కింగ్ పిన్ను బుష్‌లు. అటూ ఇటూ పట్టుకుని ఊపినప్పుడు ఆట ఉంటే టై రాడ్ ఎండ్లు చూడండి. ఆ తర్వాత గడ్డపార పరీక్ష. బేరింగు వదులైనంత మాత్రాన కొత్తది కొనక్కర్లేదు. చక్రం తిప్పుతూ నట్టు బిగించి, కాస్త పట్టేసినట్టు అనిపించగానే నట్టును ఒక గాడి వెనక్కి వదిలి, అది కదలకుండా పట్టే స్ప్లిట్ పిన్ను వేస్తే చాలాసార్లు సరిపోతుంది.

అన్నీ అయ్యాక టేపుతో రెండు రిమ్ముల మధ్య దూరం హబ్ ఎత్తులో ముందువైపు ఒకసారి, వెనకవైపు ఒకసారి కొలవండి. ముందువైపు కొన్ని మిల్లీమీటర్లు తక్కువ ఉండాలి, ఎంతన్నది మీ బండి పుస్తకంలో ఉంటుంది. ఇది సరిచేయకపోతే కొత్త టైర్లు ఒక పక్కే అరిగిపోతాయి.

గడ్డపార పెట్టి ఎత్తినప్పుడు ఎంత ఆట ఉందో కింద రాయండి. పిన్ను విప్పితే దాని కిందిసగం ఫొటో పెట్టండి, చూసి చెబుతాను.