ఒడ్డు కనపడని రోజులు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

విశాఖ పోర్టులో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ 2023లో మొదలయ్యాక ఓడ ప్రయాణాల గురించి మన పాఠకులు ఎక్కువగా అడుగుతున్నారు. ఈసారి ఉత్తరాల్లో చాలావరకు ఒకే విషయం: మధ్యలో ఏ రేవూ తగలకుండా వరసగా నాలుగైదు రోజులు నీళ్ల మీదే గడిచే రోజుల్లో ఎలా ఉండాలి, ఏం పట్టుకెళ్లాలి? ఓడవాళ్లు వీటిని సీ డే అంటారు.

మా అబ్బాయి సిడ్నీ నుంచి హవాయి దాకా ఓడలో తీసుకెళ్తానంటున్నాడు. నాకు రుషికొండలో బోటెక్కితేనే కడుపులో తిప్పుతుంది. అన్ని రోజులు తట్టుకోగలనా? గది ఎక్కడ తీసుకోమనాలి?
(పాఠకురాలు, ఎంవీపీ కాలనీ)

బోటుని చూసి ఓడని అంచనా వేయకండి. చిన్న బోటు ప్రతి అలకీ ఎగిరి పడుతుంది. మూడొందల మీటర్ల ఓడ ఒకేసారి ఎన్నో అలల మీద ఆనుకుని వెళ్తుంది కాబట్టి ఊగినా నెమ్మదిగా ఊగుతుంది. పైగా పెద్ద ఓడలకి నీటి మట్టానికి కింద, రెండు పక్కలా చేప రెక్కల్లాంటి స్టెబిలైజర్లుంటాయి. పక్కలకి ఊగడాన్ని అవి బాగా తగ్గిస్తాయి. ముందుకీ వెనక్కీ తలూపడాన్ని మాత్రం ఆపలేవు. ఎదురు అలలు వచ్చిన రోజు ఓడ ముక్కు వైపు గదులవాళ్లే ఎక్కువ అవస్థ పడేది అందుకే.

కావడి మోసేవాడిని గుర్తు తెచ్చుకోండి. రెండు చివరలూ ఊగుతాయి, భుజం మీదున్న నడిమి భాగం దాదాపు కదలదు. గది కూడా ఓడ పొడవులో నడిమిన, కింది అంతస్తుల్లో తీసుకోమనండి. బుక్ చేసే ముందు ఓడ ప్లాన్ తెరిచి, మీ గదికి పైనా కిందా ఏముందో చూడమనండి. పైనా కిందా గదులే ఉంటే మంచిది. నెత్తిన ఈత కొలను డెక్ ఉంటే తెల్లారకముందే కుర్చీలు ఈడ్చే చప్పుడు, వంటశాల ఉంటే ట్రాలీల చప్పుడు రోజూ వినాల్సిందే.

తల తిరగడానికి కారణం కంటికీ చెవికీ పొత్తు కుదరకపోవడం. లోపలి చెవి కదులుతున్నామంటుంది, గది గోడల్ని చూస్తున్న కన్ను కదలట్లేదంటుంది. అందుకే తిప్పుడు మొదలవగానే గదిలో పడుకుని ఫోన్ చూడకండి. నడిమి డెక్ మీదికి వచ్చి నీరూ ఆకాశమూ కలిసే గీతని చూస్తూ నిలబడండి.

మాత్ర తిప్పుడు మొదలవకముందే వేసుకోవాలి, వాంతయ్యాక వేసుకుంటే కడుపులో నిలవదు. మన మందుల షాపుల్లో దొరికే అవోమిన్ (ప్రోమెథజైన్ 25 మి.గ్రా.) దూర ప్రయాణానికైతే ముందురోజు రాత్రి పడుకునేటప్పుడే వేసుకునే మందు. మెక్లిజిన్ 25 మి.గ్రా. అయితే గంట ముందు. రెండూ మత్తు తెచ్చేవే. గ్లాకోమా (కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు), ప్రోస్టేట్ వాపు ఉన్నవాళ్లు డాక్టరుని అడగకుండా వీటి జోలికి పోకూడదు. అరవై దాటినవాళ్లకి మత్తుకి తోడు ఓడ ఊపు కలిస్తే పడిపోయే ప్రమాదం నిజంగా ఉంది. రాత్రి బాత్రూముకి లేచినప్పుడు గడప దగ్గర ఒక చెయ్యి తప్పకుండా కమ్మీ మీదుండాలి. ఓడ బాత్రూముకి ఎత్తు గడప ఉంటుంది, కొత్తవాళ్ల కాలి వేళ్లు దానికే తగులుతాయి.

ఖాళీ కడుపు తిప్పుడిని పెంచుతుంది. మరమరాలో ఉప్పు బిస్కెట్లో గంటకి కాస్త తినండి, అల్లం చప్పరించండి. ఎక్కువమందికి రెండు మూడు రోజుల్లో ఒంటికి అలవాటవుతుంది. దిగాక ఒకటి రెండు రోజులు నేల ఊగుతున్నట్టుంటే భయపడకండి, అది ఆ అలవాటు వదిలేదాకా ఉండేదే.

ఓడ గదిలో ఒకటో రెండో ప్లగ్గులే ఉంటాయట. ఎక్స్‌టెన్షన్ బోర్డు పట్టుకెళ్లొచ్చా? కెటిల్?
(పాఠకుడు, గాజువాక)

వోల్టేజీ ఒక్కసారిగా ఎగిరితే అడ్డుకునే సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న బోర్డయితే ఎక్కేటప్పుడు స్కానింగులోనే తీసుకుని, దిగేటప్పుడు తిరిగిస్తారు. ఇది ఊరికే పెట్టిన నియమం కాదు. మన ఇంట్లో రెండు తీగల్లో ఒకటి న్యూట్రల్, దాన్ని భూమికి కలిపి ఉంచుతారు. ఓడలో మామూలుగా ఏ తీగనీ ఓడ ఉక్కుకి కలపరు. ఒక తీగ ఎక్కడైనా ఉక్కుకి తగిలినా (దీన్నే ఎర్త్ ఫాల్ట్ అంటారు) కరెంటు ఆగకుండా నడవాలన్నది అక్కడి ఏర్పాటు. సర్జ్ బోర్డులో తీగకీ ఎర్తుకీ మధ్య వేరిస్టర్ అనే చిన్న బిళ్ల ఉంటుంది. ఓడలో ఎక్కడో ఒక తీగకి ఎర్త్ తగిలితే రెండో తీగకీ ఎర్తుకీ మధ్య వోల్టేజీ పెరుగుతుంది. ఆ బిళ్ల మీద భారం పడి, కాలి, ప్లాస్టిక్ అంటుకుంటుంది. నడిసముద్రంలో నిప్పుని మించిన ఆపద లేదు. సర్జ్ లేని బోర్డులకి కూడా కంపెనీని బట్టి నియమం మారుతుంది, ముందే అడగండి.

గదిలో సాధారణంగా 110 వోల్టుల అమెరికా సాకెట్టు ఒకటి, 220 వోల్టుల యూరప్ రెండు రంధ్రాల సాకెట్టు ఒకటి ఉంటాయి. మన ఫోన్ ఛార్జర్ల రెండు గుండ్రటి పిన్నులు యూరప్ సాకెట్టులో నేరుగా పడతాయి. ఇంట్లో వాడే మూడు పిన్నుల ప్లగ్గు పట్టదు. నాలుగు యూఎస్‌బీ మూతులున్న ఒక్క ఛార్జర్ తీసుకెళ్తే కుటుంబమంతటికీ సరిపోతుంది. కెటిల్, ఇమ్మర్షన్ రాడ్, రైస్ కుక్కర్, ఇస్త్రీ పెట్టె ఏవీ ఒప్పుకోరు. టీకి వేడినీళ్లు బఫేలో రోజంతా దొరుకుతాయి. ఫ్లాస్కు మూతిని కుళాయికి ఆనించకుండా కప్పుతో పట్టి పోసుకోండి. ఒకరి ఎంగిలి ఆ కుళాయికి అంటితే కడుపు జబ్బు ఓడంతా పాకుతుంది.

నిద్రలో ఊపిరి ఆగకుండా గాలి పంపే సీపాప్ యంత్రం వాడేవాళ్లు బుకింగ్ అప్పుడే చెప్పాలి. మామూలు ఎక్స్‌టెన్షన్ తీగ, డిస్టిల్డ్ వాటర్ ఓడవాళ్లే ఏర్పాటు చేస్తారు.

రోజూ దీపం పెట్టే అలవాటు. గదిలో చిన్న ప్రమిద, ఒక అగరొత్తి?
(పాఠకురాలు, సింహాచలం)

లేదమ్మా, ప్రమిద, అగరొత్తి, కర్పూరం, కొవ్వొత్తి అన్నీ నిషేధమే. పొగ కనిపెట్టే పరికరం మీ మంచానికి పైన కప్పుకే ఉంటుంది. బ్యాటరీ దీపం పెట్టుకోండి.

ఓడలో నీళ్లు సముద్రపు నీళ్లేనా? తాగొచ్చా? బాత్రూములో మనకి అలవాటైన వసతి ఉంటుందా?
(పాఠకుడు, మద్దిలపాలెం)

చాలావరకు సముద్రపు నీళ్లే, ఉప్పు తీసేసినవి. రెండు పద్ధతులున్నాయి. ఇంజన్లని చల్లబరిచి వేడెక్కిన నీటి వేడితోనే సముద్రపు నీటిని వాక్యూమ్ గదుల్లో మరిగిస్తారు. గాలి ఒత్తిడి తీసేస్తే నీళ్లు వంద డిగ్రీలు చేరకుండానే మరుగుతాయి కాబట్టి వృథాగా పోయే వేడి సరిపోతుంది. ఆ ఆవిరిని చల్లారిస్తే మంచినీళ్లు. రెండోది మన ఇంటి ఆర్వో పద్ధతే, పెద్ద ఎత్తున. అలా వచ్చిన నీళ్లు మరీ పలచన, గొట్టాల్ని తినేస్తాయి. అందుకని ఖనిజాలు, ఆపైన క్లోరిన్ కలిపి పంపుతారు. మేఘాద్రిగెడ్డ నీళ్లకి అలవాటైన నోటికి రుచి చప్పగా అనిపిస్తుంది, అంతే. కుళాయి నీళ్లు నిశ్చింతగా తాగొచ్చు. సీసాలు కొనడం డబ్బు దండగ.

ఇక బాత్రూము. జెట్ స్ప్రే చాలా ఓడల్లో ఉండదు. నొక్కితే చిమ్మే అరలీటరు సీసా ఒకటి తీసుకెళ్లండి, మగ్గు కంటే నయం. మగ్గుతో పోస్తే నీళ్లు నేల మీద పడతాయి, ఊగే గదిలో తడి నేల మీద జారడం ఖాయం. ఫ్లష్ వాక్యూమ్ మీద పని చేస్తుంది. లీటరు, లీటరున్నర నీళ్లతో పెద్ద చప్పుడు చేస్తూ లాగేసుకుంటుంది. మూత వేశాకే నొక్కండి. తడి వైప్స్, శానిటరీ ప్యాడ్లు, మిగిలిన అన్నం అందులో వేయకండి. వాక్యూమ్ గొట్టం చాలా గదులకి ఉమ్మడి. మీ గదిలో వేసిన వైప్ ఆ వరుసలో గదులన్నిటికీ గంటల తరబడి ఫ్లష్ లేకుండా చేస్తుంది. వైప్స్ ప్యాకెట్టు మీద ఫ్లష్ చేయవచ్చని రాసి ఉన్నా నమ్మకండి.

బట్టలు ఎక్కడ ఆరేసుకోవాలి? బాల్కనీ ఉన్న గదే తీసుకున్నాం.
(పాఠకురాలు, సీతమ్మధార)

బాల్కనీలో వద్దు. ఓడ 18 నాట్ల వేగంతో, అంటే గంటకి 33 కిలోమీటర్ల పైన నడుస్తుంటే దానికి గాలి తోడై చీర పక్క బాల్కనీకో నీళ్లలోకో పోతుంది. పోకపోయినా ఆరదు. గాలిలో ఉప్పు గుడ్డకి పట్టి తేమని పీలుస్తూనే ఉంటుంది. బీచ్ రోడ్డులో ఇళ్లున్నవాళ్లకి ఈ సంగతి చెప్పక్కర్లేదు.

బాత్రూములో షవరు మీద లాగితే వచ్చే తాడు ఉంటుంది. దాని మీద రెండు మూడు తేలికపాటి బట్టలే ఆగుతాయి. పిండిన బట్టని పొడి తువాలు మీద పరిచి, చుట్ట చుట్టి, మోకాలితో అదిమితే సగం నీరు తువాలుకి పోతుంది. ఆ తరవాత వేస్తే ఏసీ గాలికి పాలియెస్టర్, సన్న నూలు తెల్లారేసరికి ఆరుతాయి. లావు నూలు పంచెలు, జీన్స్ ఆరవు, తీసుకెళ్లకండి. గది గోడలు సాధారణంగా ఉక్కు రేకులే కాబట్టి కొక్కెం ఉన్న అయస్కాంతాలు నాలుగు పట్టుకెళ్తే హ్యాంగర్లకి చోటు దొరుకుతుంది. బాల్కనీ తలుపు తెరిచి ఉంచితే చాలా గదుల్లో ఏసీ ఆగిపోతుంది, బట్టలూ ఆరవు.

మా మామగారికి షుగరు, రెండు పూటలా ఇన్సులిన్. ఓడలో రోజుకో గంట టైము మారుస్తారట, మందులెలా?
(పాఠకురాలు, పెదగంట్యాడ)

భూగోళం మీద ప్రతి 15 డిగ్రీల రేఖాంశానికీ ఒక గంట తేడా. ఓడ ఆ గీత దాటే రోజుల్లో గడియారం మారుస్తారు. పడమరకి వెళ్తే గంట వెనక్కి, ఆ రోజుకి 25 గంటలు. తూర్పుకి వెళ్తే గంట ముందుకి, 23 గంటలే. అందుకే తూర్పు ప్రయాణంలో నిద్ర చాలదు. కొన్ని ఓడలు ఆ మార్పుని మధ్యాహ్నం చేస్తాయి.

రోజుకొక్కసారి వేసుకునే బీపీ మాత్రకి గంట తేడా లెక్కలోకి రాదు, ఉదయం టిఫినుతో వేసుకుంటూ పోవడమే. ఇన్సులిన్ అలా కాదు. ప్రయాణం తేదీలు, గంటలు మారే వరస కాగితం మీద రాసి బయల్దేరకముందే డాక్టరుకి చూపించండి. తిండి వేళ మారితే ఆ ఇంజెక్షను వేళా మారాలి. ఆ గంట వ్యవధిలో షుగరు పడిపోకుండా ఏం చేయాలో ఆయన చెబుతారు.

పసిఫిక్‌లో దినరేఖ (తేదీ మారే గీత) దాటితే ఇంకో చిక్కుంది. తూర్పుకి వెళ్తే ఒకే తేదీ రెండుసార్లు వస్తుంది. మంగళవారం పడుకుని లేస్తే మళ్లీ మంగళవారమే. క్యాలెండరులో 10 రోజులు కనపడితే మందులు 11 రోజులవి కావాలి. పడమరకైతే ఒక తేదీ ఎగిరిపోతుంది. శనివారం ఒంటిపూట ఉండేవాళ్లకి ఆ వారం శనివారమే రాకపోవచ్చు. అందుకని ఆది, సోమ అని రాసి ఉండే మాత్రల డబ్బా ఈ ప్రయాణంలో పనికిరాదు. ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసిన పొట్లాలు కట్టండి, ఉదయం నిద్ర లేచినప్పుడల్లా ఒకటి.

గదిలో చిన్న ఫ్రిజ్ చాలా ఓడల్లో చల్లగా ఉంచే పెట్టె మాత్రమే. తెరవని ఇన్సులిన్‌కి 2 నుంచి 8 డిగ్రీలు కావాలి, లోపల చిన్న థర్మామీటరు పెట్టి చూడండి. అంత చల్లదనం లేకపోతే మందుల ఫ్రిజ్ కావాలని మీ గది చూసే స్టీవార్డుని అడగండి, లేదా ఓడ ఆసుపత్రిలో ఇవ్వండి. వాడిన సూదులు పడేయడానికి డబ్బా కూడా వాళ్లే ఇస్తారు, చెత్తబుట్టలో వేస్తే గది శుభ్రం చేసేవాళ్ల చేతికి గుచ్చుకుంటుంది. మందులన్నీ చేతి సంచిలోనే, రెండు వారాలకి సరిపడా అదనంగా, చీటీతో సహా. ఓడ డాక్టరు దగ్గర అన్ని మందులూ ఉండవు, ఆ బిల్లు కూడా బాగానే అవుతుంది. అత్యవసరంగా ఒడ్డుకి తరలించే ఖర్చు భరించే ప్రయాణ బీమా లేకుండా ఆయన్ని ఎక్కించవద్దు.

శాకాహారులం. ఆవకాయ పట్టుకెళ్లొచ్చా?
(పాఠకుడు, అక్కయ్యపాలెం)

ఇంట్లో పెట్టింది చాలా ఓడల్లో ఒప్పుకోరు. లేబులుతో సీలు వేసిన ప్యాకెట్లకి ఇబ్బంది తక్కువ. సిడ్నీ, ఆక్లండ్ లాంటి రేవుల్లో పండు, గింజ, పచ్చడి ఏదీ ఒడ్డుకి తీసుకెళ్లకండి, జరిమానా పెద్దది. మొదటి రాత్రే హెడ్ వెయిటరుతో మాట్లాడండి. "వెజిటేరియన్" అంటే చాలదు. గుడ్డు, చేప సాస్, మాంసం మరిగించిన సూపు నీళ్లు, జెలటిన్ (జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసేది) వద్దని విడివిడిగా చెప్పాలి. పప్పు, అన్నం, పెరుగు ముందురోజు రాత్రి చెబితే చేసిపెట్టే వంటవాళ్లు చాలా ఓడల్లో ఉంటారు.

నడిసముద్రంలో ఫోన్?
(పాఠకుడు, గోపాలపట్నం)

ఎక్కగానే ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, ఓడ వైఫై మాత్రమే వాడండి. లేకపోతే ఓడ సొంత మొబైల్ నెట్‌వర్క్ దొరికి, రోమింగ్ బిల్లు వేలల్లో వస్తుంది. ఎసెమ్మెస్‌తో వచ్చే బ్యాంకు ఓటీపీలు ఆ రోజుల్లో అందకపోవచ్చు. కరెంటు బిల్లు, బీమా, ఈఎంఐ బయల్దేరకముందే కట్టేసుకోండి. ఫోనులో టైము ఓడ టైముతో కలవకపోవచ్చు, భోజనాల వేళకి గదిలో ఓడ టైము చూపే గడియారాన్నే నమ్మండి.

అంత దూరం వెళ్లేముందు ఇక్కడే ఒకసారి అలవాటు చేసుకోవచ్చా?
(పాఠకురాలు, భీమిలి)

చేసుకోవచ్చు. విశాఖ నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కి (2024 నుంచి శ్రీ విజయపురం) ప్రయాణికుల ఓడ నడుస్తుంది. దాదాపు 1,200 కిలోమీటర్లు, రెండున్నర రోజుల దాకా పడుతుంది. క్రూయిజ్ వసతులు ఆశించకండి, కానీ ఒడ్డు కనపడని రెండు రాత్రులు ఒంటికి ఎలా ఉంటాయో తెలుస్తుంది. జనవరి నుంచి మార్చి దాకా బంగాళాఖాతం నెమ్మదిగా ఉంటుంది, అప్పుడు వెళ్లండి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి అలలు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపానులు. మొదటి ప్రయాణానికి ఆ నెలలు వద్దు. ఎక్కిన వెంటనే మీ లైఫ్ జాకెట్ ఎక్కడుందో, మీరు చేరాల్సిన చోటికి మెట్లెటో నడిచి చూసుకోండి. ఏడు చిన్న కూతలు, ఆపైన ఒక పొడుగు కూత వినపడితే లిఫ్టు ఎక్కకుండా ఆ మెట్ల మీదుగానే వెళ్లాలి.