టెక్సాస్‌లో మెడిసిన్ చదివి కాలిఫోర్నియాలో రెసిడెన్సీ (మెడిసిన్ అయ్యాక ఆసుపత్రిలో చేసే శిక్షణ) తెచ్చుకోవచ్చా?

తప్పకుండా తెచ్చుకోవచ్చు. కాలేజీ ఎక్కడుందన్నది తలుపు మూసేయదు. కాకపోతే ఈ శిక్షణ ఇచ్చే ప్రోగ్రామ్ వాళ్లకు ఒక సందేహం వస్తుంది: "ఈ అమ్మాయి నిజంగా ఇంత దూరం వస్తుందా?" ఇంటర్వ్యూ స్లాట్లు తక్కువ కాబట్టి, వచ్చేలా కనిపించేవాళ్లకే ఇవ్వాలనుకుంటారు. మీ పని ఆ సందేహం తీర్చడమే.

ఈరాస్ (ERAS, రెసిడెన్సీకి ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసే వ్యవస్థ) దరఖాస్తులో దేశాన్ని 9 ప్రాంతాలుగా చూపిస్తారు. అందులో 3 వరకు ఎంచుకోవచ్చు. కాలిఫోర్నియా పసిఫిక్ కిందికి వస్తుంది. దాన్ని ఎంచుకుంటే ఆ ప్రాంతపు ప్రోగ్రామ్‌లకే కనిపిస్తుంది, మిగతావాళ్లకు తెలియదు. కాబట్టి టెన్షన్ వద్దు. పక్కనే కారణం రాయాలి. "వాతావరణం బాగుంటుంది" అంటే ఎవరూ నమ్మరు. "అక్క ఫ్రీమాంట్‌లో ఉంటుంది, అమ్మానాన్న కూడా అక్కడికే మారుతున్నారు" అంటే నమ్ముతారు. నిజమైనదే రాయండి, ఇంటర్వ్యూలో అడుగుతారు.

సిగ్నల్స్ (దరఖాస్తులో "మీ ప్రోగ్రామ్ మీద నాకు ప్రత్యేక ఆసక్తి ఉంది" అని తెలిపే గుర్తులు, ఇవి పరిమితంగానే ఉంటాయి) అక్కడి ప్రోగ్రామ్‌లకే ఎక్కువ వాడండి. ఆర్థోపెడిక్స్ లాంటి పోటీ ఎక్కువున్న బ్రాంచి అయితే, మెడిసిన్ నాలుగో ఏడాదిలో అక్కడే ఒక నెల "అవే రొటేషన్" (away rotation, అంటే మీ కాలేజీది కాని ఆసుపత్రిలో పనిచేస్తూ నేర్చుకోవడం) చేయండి. నా దృష్టిలో అన్నిటికంటే బలమైనది అదే, ఎందుకంటే వాళ్లు మీ పని కళ్లారా చూస్తారు. ఖర్చు మాత్రం ముందే లెక్కేసుకోండి, కాలిఫోర్నియాలో నెల అద్దె తక్కువేం కాదు.